ఇంకో తాన సూడు

పటాన్‌చెరులో మా కాలేజీకి కొత్తగా ఇంటర్నెట్ వచ్చిన రోజుల్లో దాన్ని మాకు నేర్పింది కంప్యూటర్ సార్. వెతికింది దొరకగానే ప్రింటు తీసుకుని ఆయన దగ్గరికి పరుగెత్తేవాళ్లం. ఆయన ఆ కాగితాన్ని చదవకుండానే బోర్లించేవారు.

"ఒక్కడే కదా చెప్పిండు. ఇంకో తాన సూడు."

రెండో పేజీ మొదటిదాన్ని చూసి రాసినట్టుంటే అదీ బోర్లా పడేది. ఒక్క పేజీ తెరుచుకునేలోపు చాయ్ చల్లారిపోయే కాలం. ఆ మాట వింటే మాకు ఒళ్లు మండేది.

సార్‌కు అన్న తప్ప నా అన్నవాళ్లు లేరు. ఆ అన్న మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం షిఫ్టు దిగి మా గేటు దగ్గర నిలబడేవాడు. ఇద్దరూ పెద్దగా మాటల్లేకుండా కిరాయి గదికి నడిచిపోయేవారు.

ఒక మధ్యాహ్నం దూరంగా పెద్ద చప్పుడైంది, ల్యాబ్ కిటికీలు అదిరాయి. కాసేపటికి ల్యాబ్‌లో ఫోన్ మోగింది. ఫ్యాక్టరీ నుంచి ఎవరో ఏడుస్తూ అన్న పేరు చెప్పి, పోయాడంటున్నారు, మాకూ వినిపించింది.

"నువ్వు కండ్లార సూసినవా? నీకెవరు చెప్పిన్రు?" అని సార్ మామూలు గొంతుతోనే అడిగారు. పెట్టేసి ఆస్పత్రికి చేశారు.

రెండు చోట్లా ఒకే మాట రాకూడదని మేం కోరుకున్నది ఆ ఒక్కసారే.

ఆస్పత్రివాళ్లూ అదే చెప్పారు. సార్ రిసీవర్ పెట్టలేదు. "ఇంకో తాన..." అంటూ అంకెల మీద వేలుంచి అలాగే నిలబడిపోయారు. ఫోన్ చేయడానికి ఆయనకు ఇంకో మనిషి లేడు.