నైరుతి మూలలో అద్దాల గది

రోజూ పొద్దున ఓ గంట ఎండలో కూర్చోబెడితే నా భార్యకు నొప్పులు తగ్గుతాయని డాక్టర్ చెప్పిన రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. ఆమె పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు. అక్కడి బోరు నీళ్ళలోని ఫ్లోరైడు ఆమె కాళ్ళను చిన్నప్పుడే వంచేసింది. రాష్ట్రం వచ్చాక నల్లాలో కృష్ణా నీళ్ళు వచ్చాయి గానీ, వంగిన ఎముకలకు ఆ నీళ్ళేం చేస్తాయి?

నల్లగొండలో మా ఇల్లు తూర్పు ముఖం. పొద్దుటి ఎండంతా గేటు ముందు, వీధిలో పడుతుంది. ఆమెను అక్కడ కూర్చోబెడితే వచ్చేపోయేవాళ్ళంతా ఆ కాళ్ళ వంకే చూస్తారని నాకు ఒకటే గుబులు. అందుకే ప్రహరీ లోపల, ఈశాన్యం మూలన ఉన్న ఖాళీ జాగాలో అద్దాల గది కట్టిద్దామనుకున్నాను. ఎండ లోపలికి రావాలి, లోపలి మనిషి బయటికి కనిపించకూడదు. రిటైరైన లెక్కల మాస్టారిని, వేరే పనేముంది? రోజుకు రెండుసార్లు అద్దాల దుకాణానికి పోయేవాణ్ణి.

"సారూ, పొద్దుగాల గీ నల్లద్దమే చూస్తిరి, మల్ల గిదే చూస్తున్నరు. అద్దం మారలే" అన్నాడు దుకాణాయన, నవ్వాపుకుంటూ. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు మళ్ళీ పోయాను.

ఇంతలో ఎవరో వాస్తు చూపించమన్నారు. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. అయినా పిలిచాను. వచ్చినాయన ఈశాన్యం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "గీడ బరువు పెడ్తె ఇంట్ల ఆడమనిషి పానానికి మంచిది గాదు సారూ. నైరుతిల కట్టుకోండ్రి, ఎంత బరువైనా ఆపుతది."

ఆడమనిషి పానం అనగానే నా లెక్కలన్నీ గంగలో కలిశాయి. గది నైరుతికి, అంటే ఇంటి వెనక్కి మారింది.

"సారూ, ఇల్లే అడ్డమున్నది గదా, పొద్దుగాల ఎండ యాడికెల్లి వస్తది?" అని మేస్త్రీ అడిగాడు. "నువ్వు గోడ కట్టు" అని కసురుకున్నాను. అతనడిగింది సరైన ప్రశ్నేనని నాకు తెలుసు. తెలిసే కసిరాను.

గది పూర్తయింది. పొద్దున మా ఇంటి నీడే దాని మీద పడేది. మధ్యాహ్నం రెండు దాటితే లోపల అడుగు పెట్టలేం. నా భార్య నాలుగు రోజులు పొద్దున పూట శాలువా కప్పుకుని ఆ నీడలో కూర్చుంది. ఐదో రోజు, "మిరపకాయలన్న ఎండవోద్దామా?" అంది. నాకు నవ్వు రాలేదు. పైకప్పుకు కూడా అద్దం వేయిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ ఆ రోజంతా టేపు పట్టుకుని తిరిగాను.

మర్నాడు పాల ప్యాకెట్ తెచ్చేసరికి గదిలో ఆమె లేదు. కేకలేసుకుంటూ వీధిలోకి వచ్చాను. గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీలో, ఎండలోకి కాళ్ళు చాపుకుని, కూరగాయలామెతో ముచ్చట పెడుతోంది.

"లోపలికి నడువు. అందరు చూస్తున్నరు" అన్నాను.

"చూడనియ్యి. గీ కాళ్ళు మా ఊర్లె ఇంటికొకరికున్నయి. నాకేం సిగ్గు? నీకే సిగ్గు. ఆ నల్లద్దాలు నాకోసం పెట్టినవా, నీకోసం పెట్టుకున్నవా?"

కూరగాయలామె వంకాయలు సర్దుకుంటూ తల దించుకుంది. నా భార్య అన్నది నిజం. ఇన్నేళ్ళ కాపురంలో పెళ్ళిళ్ళకైనా పేరంటాలకైనా ఆమెను ఎప్పుడూ వెనక వరసలోనే కూర్చోబెట్టాను, అది ఆమె మీద ప్రేమే అనుకున్నాను. ఈ గది కోసం ఊళ్ళో ఎంతోమందిని సలహా అడిగాను. నీకు ఎక్కడ కూర్చోవాలనుంది అని ఆమెను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.