కంప్యూటర్ సార్ భయం

మా ఎదురింటి కంప్యూటర్ సార్ పోయారు. పొద్దున్నే పాలప్యాకెట్ కోసం తలుపు తీస్తే వాళ్ళ గుమ్మం ముందు టెంటు కర్రలు దించుతున్నారు. "నిద్దర్లోనే గుండె ఆగిపోయిందంట" అన్నారెవరో. చావుకబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆ భయం ఎందుకో మీకు తెలియాలంటే ముందు ఆయన గురించి తెలియాలి.

నరసరావుపేటలో డిగ్రీ పిల్లలకి కంప్యూటర్లు చెప్పి రిటైరైన మనిషి. ఆయనంత పిరికివాణ్ణి నేను చూడలేదు. ల్యాప్‌టాప్ కెమెరా కనపడకుండా వాళ్ళావిడ పిన్నిగారి స్టిక్కర్ బొట్టు అంటించేవారు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే కుర్చీలోంచి లేచి నిలబడిపోయేవారు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకునేవారు. నేను నవ్వితే, "నవ్వమ్మాయ్, నవ్వు. బయం లేనోడింటికే దొంగలొచ్చేది" అనేవారు.

మా గృహప్రవేశానికి దాచేపల్లి నుంచి మా ఆడపడుచు ఒక టీవీ బాక్స్ తెచ్చింది. అది తగిలిస్తే పైసా కట్టకుండా సినిమాలన్నీ వస్తాయట. ఆడపడుచు కానుక కదా, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి మరీ తగిలించాం. సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఊరికే ఎవుడిస్తాడమ్మా ఇయ్యన్నీ? ఏందో దీని కత" అన్నారు. ఆడపడుచు తెచ్చినదాన్ని తీసి అటకెక్కిస్తే మా ఇంట్లో ఏం జరుగుతుందో ఆయనకేం తెలుసు! విని ఊరుకున్నాను.

కొన్నాళ్ళకి మా ఆయనకి పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో ఆడపిల్ల ఫోటోలు తీసుకుని, చూడకూడనట్టుగా మార్చి నెట్‌లో పెట్టారట. పెట్టింది మా ఇంటి కనెక్షన్ నుంచేనట. మా ఆయన సర్కారు బడిలో టీచరు. ఫోన్ కింద పెట్టి, "నేను కాదే, నీ మీద ఒట్టు" అన్నారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆయన కాకపోతే మరి ఎవరు? ఆ మాట మనసులోకి వచ్చినందుకు ఇంకా భయమేసింది. కేసులో పేరెక్కితే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, బడికి పిల్లల్ని పంపే తల్లులు ఆయన మొహాన ఉమ్మేస్తారు. ఆయన తట్టుకోగల మనిషి కాదు.

సార్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన విని తెల్లబోయి, కాసేపటికి పాత ల్యాప్‌టాప్ ఒకటి చంకన పెట్టుకుని వచ్చారు.

"ప్రాక్సీ అంటే తెలుసా అమ్మాయ్? నువ్వు కొట్టుకి పోకుండా పక్కింటోళ్ళని పంపిస్తావు చూడు, అదే. కొట్టాయనకి కనపడేది వాళ్ళ మొకమే, నీది కాదు. ఎవుడో మీ ఇంటిని అట్టా వాడుకుంటన్నాడు. చేసేది వాడు, కనపడేది మీ గడప."

"ఎట్టా తెలుస్తది సార్?" అన్నారు మా ఆయన.

"మనం కూడా ఒక ప్రాక్సీ పెడదాం. మన మనిషిని కాపలా కూర్చోబెట్టినట్టు."

ఆ పాత ల్యాప్‌టాప్‌నే మా ఇంటికి ప్రాక్సీ చేశారు. మా ఫోన్లలో వైఫై సెట్టింగ్స్ తెరిపించి, ప్రాక్సీ అన్న చోట ల్యాప్‌టాప్ అడ్రసు, పోర్టు నంబరు నా చేతే కొట్టించారు. ఇక మా ఫోన్లు బయటికి పోవాలంటే దాన్ని అడిగే పోవాలి. తర్వాత రౌటర్‌లోకి వెళ్ళి, ల్యాప్‌టాప్ తప్ప ఇంకేదీ నేరుగా బయటికి వెళ్ళకుండా దారి మూసేశారు. "వాకిట్లోంచి పోయేవాళ్ళు మనోళ్ళు. ఇప్పుడు గోడ దూకబోయేవాడే దొంగ" అని కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నారు.

టీవీ కట్టేసి ఉంది. అయినా రౌటర్ పేజీలో ఆపేసిన ప్రయత్నాల వరసలు పడుతూనే ఉన్నాయి. ఒకే ఒక్క పరికరం బయటికి పోవాలని ఆగకుండా తన్నుకుంటోంది. అది ఆ టీవీ బాక్స్. నేను రోజూ పక్కనే కూర్చుని అన్నం తిన్న చోటు నుంచి, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు మా పేరున తిరుగుతున్నాడు. "దొంగకి బొట్టు పెట్టి పిలిచారు గదమ్మా" అన్నారు సార్. ఆ మాటకి ఎవరమూ నవ్వలేదు.

ఇదంతా స్టేషన్లో చెప్పాలి. చెప్పగలిగింది ఆయనొక్కరే. అడిగేసరికి ఆయన మొహంలో నెత్తురు లేదు. "స్టేషన్‌కా? నన్ను పిలవబాకండి" అని ఇంటికి వెళ్ళిపోయారు.

సంగతి పిన్నిగారు చెప్పారు. గురజాల వైపు వాళ్ళ ఊళ్ళో ఒకప్పుడు పార్టీల గొడవ జరిగింది. మా వైపు గొడవల్లో చేసినవాళ్ళతో పాటు చేయనివాళ్ళ పేర్లూ కేసులో చేర్చడం కొత్తేమీ కాదు. ఆయన ఆ రోజు గుంటూరులో పరీక్ష రాస్తున్నారు. అయినా ఆయన పేరు రాయించారు. జైల్లో ఉండి వచ్చాక ఆ మనిషి స్టేషన్ ఉన్న రోడ్డులో నడవలేదు.

మర్నాడు ఆయనే వచ్చారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. "పదండి, ఆలిస్యం చేస్తే ఇంకా బయమేస్తది" అన్నారు. స్టేషన్లో చానాసేపు నోరు పెగల్లేదు. మంచినీళ్ళు అడిగి తాగారు. "చేసినోడు వేరు, కనపడ్డోడు వేరు సార్. ఒకప్పుడు నేను కనపడ్డోణ్ణి" అని ల్యాప్‌టాప్ తెరిచారు. ఎస్సై సగం నమ్మాడు. బాక్స్ తీసుకుని, "పై ఆఫీసరుగారు వచ్చాక మళ్ళీ వచ్చి చెప్పాల" అని మమ్మల్ని పంపించాడు.

ఆ తర్వాత సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి, పెట్టిన ప్రాక్సీ అంతా పీకేసి మళ్ళీ నాచేత పెట్టించేవారు. తప్పు చేస్తే కసురుకునేవారు. "నేనెన్నాళ్ళుంటా? నువ్వు నేర్చుకోవాల" అంటే, ముసలివాళ్ళ మాటలే అనుకున్నాను. ఆ కసుర్లకి నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను.

సార్ చిన్నకర్మ అయిన మర్నాడు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆఫీసరుగారు వచ్చారు, సార్‌ని తీసుకురమ్మని. ఆయన లేరని మా ఆయన చెప్పారు. "అయితే ఈ ప్రాక్సీ సంగతి చెప్పేదెవరు?" అన్న మాట నాకూ వినపడింది. మా ఆయన నా వైపు చూశారు.

"నేను చెప్తానని చెప్పండి" అన్నాను.

పిన్నిగారు గడప దాటకూడదు. లోపల్నుంచే ల్యాప్‌టాప్ అందించి, "గట్టిగా చెప్పమ్మాయ్. మాట బయటికి రాక ఆయన చానా అవస్థపడ్డాడంట" అన్నారు.

స్టేషన్ గుమ్మం దగ్గర కానిస్టేబుల్ పెన్ను తీసి నా పేరు అడిగాడు. చెప్పాను. వినపడలేదన్నాడు. ఇంకోసారి, గట్టిగా చెప్పాను. అతను ఒక్కో అక్షరం రాస్తున్నంతసేపూ ఆ పెన్ను వంకే చూస్తూ నిలబడ్డాను.