జొన్నపిట్టల మీద నా కేక

ఈ ఏడు కామారెడ్డి పక్షుల క్లబ్బువాళ్లు నన్ను పిలవకుండానే ఎల్లారెడ్డి దిక్కు పోయివచ్చారు. కొన్నేండ్లుగా ఫాల్గుణం వచ్చిందంటే వాళ్ల జీపులో ముందు సీటు నాది. మా కోడలు ఫోనులో ఫోటోలు చూపించింది. మెడలో దుర్బీన్లు వేసుకొని గట్ల మీద నిలబడ్డారు. అన్నిట్లోనూ మనుషులే.

మనసు పాడై బస్టాండు దాకా నడిచాను. అక్కడ ఒకామె మక్క కంకులు కాలుస్తున్నది. మంచి వాసనే, కానీ అది జొన్న కంకి వాసన కాదు. లేత జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, గోనెసంచిలో నలిపి, పొట్టు ఊది, బెల్లం ముక్కతో బుక్కిన ఊచబియ్యం వాసన ఒక్కసారి ముక్కుకు తగిలితే చాలు, ఎల్లారెడ్డి పక్కన మా బాపు కట్టిన మంచె కాళ్ల కింద కిర్రుమంటుంది.

శివరాత్రి నుంచి కాముని పున్నమ దాకా నా బడి ఆ మంచె మీదనే. అవ్వ రొట్టె, ఉల్లిగడ్డ పాత పేపరులో చుట్టి ఇచ్చేది. రొట్టె తిని, నూనె మరకల నడుమ అక్షరాలు కూడబలుక్కొని నేను చదువు నేర్చుకున్నాను. పొద్దు పొడవగానే చిలుకలు వచ్చి కంకిని సగం కొరికి సగం పారేసేవి. ఎండ ఎక్కుతుంటే గాంధారి అడవి దిక్కు నుంచి జొన్నపిట్టలు లేచేవి. నల్లని తల, గులాబీ ఒళ్లు, మోదుగులు పూసిన గుట్ట మీదుగా ఎవరో గొంగడి దులిపినట్టు ఆకాశమంతా మడతలు పడుతూ, కాగే నూనెలా చిటపటమంటూ మీద పడేవి. ఒడిసెల ఉన్నా బాపు రాయి వేయనిచ్చేవాడు కాదు, ముందు కేకే. నేను "హో" అంటే పక్క మంచె అందుకునేది, దాని తర్వాత మరొకటి, ఆ కేక చేను మీద చేను దాటి చెవికి అందనంత దూరం పోయేది. కోతల నాడు మాత్రం గట్టు పొంటి ఒక సాలు కోయకుండా వదిలేవాళ్లం. అలవాటుకొద్దీ నేను నోరు తెరిస్తే బాపు కసిరేవాడు.

"ఇయ్యాల నోరు మూసుకోరా. ఇన్ని దినాలు తిట్టినం, ఒక్కపూటన్న తిననియ్యి."

నిరుడు క్లబ్బుతో పోయినప్పుడు ఒకే ఒక్క జొన్న చేను కనబడింది. హైదరాబాదు నుంచి వచ్చిన కెమెరాలవాళ్లు గట్టు చాటున బోర్లా పడుకున్నారు, అందరూ ఊపిరి బిగబట్టారు. గుంపు ఒక్క మడత తిరిగి కంకుల మీదికి వాలబోతున్నది. నా నోరు దానంతటదే తెరుచుకున్నది. ఈ ముసలి గొంతులో అంత కేక ఇంకా ఉందని నాకే తెలియదు. పిట్టలు లేచి గుట్ట వెనుక పడ్డాయి.

"ఏంది తాతా, గిట్ల జేస్తివి," అన్నాడొకడు.

చేను ఆసామి మాత్రం నవ్వాడు. "పొద్దుగాల్నుంచి ఈ పెద్దమనిషి ఏడికి పోయిండు? రోజూ పంపుండ్రి."

నేను మాత్రం వాళ్ల మాటలు సగమే విన్నాను. పక్క చేను నుంచి జవాబు కేక కోసం చెవి పెట్టి ఉన్నాను. రాలేదు. నేను క్షమాపణ అడగలేదు, ఇప్పుడూ అడగను. ఒకరి పంట మీద పిట్టలు పడుతుంటే చేతులు కట్టుకొని చూడటం నాకెవరూ నేర్పలేదు. నేను పిట్టలను గుర్తుపట్టింది తరిమి తరిమి. అది తెలిసే కదా ముందు సీటు ఇచ్చారు?

ఇదంతా మనసులో పెట్టుకోలేక నిన్న సరిత ఇంటికి పోయాను. కాలేజీలో పాఠాలు చెబుతుంది, క్లబ్బు నడిపేది ఆమే. ఒక్క కేకకు ఇంత శిక్షా అని నిలబడే అడిగాను. కుర్చీ జరిపింది, చాయ తెచ్చింది, చాలాసేపు నా మొహం చూడలేదు.

"నీ కేకకు కాదు తాతా. ముందుగాల చేన్లు చూసొద్దమని పోయినం, ఎల్లారెడ్డి దిక్కు తిరిగి తిరిగి వచ్చినం, ఒక్క జొన్న చేను లేదు, ఒక్క పిట్ట వాలలే. ఎవలను ఎల్లగొడ్తవని నిన్ను పిలవాలె?"