ఐదున్నర శ్రుతి

గొంతు దేవుడిచ్చిన వరమనీ, చచ్చేదాకా అలాగే ఉంటుందనీ సభల్లో మైకు పట్టుకుని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గొంతు కూడా ఒంట్లో ఒక భాగమే. మగ్గం గుంటలో కూర్చున్నవాడి మోకాళ్ళు ఎలా అరుగుతాయో అదీ అలాగే అరుగుతుంది. ఇది నేనెక్కడో చదివి చెబుతున్న మాట కాదు. ఒక పెద్ద గాయని పక్కన పదిహేనేళ్ళు హార్మోనియం వాయించి, ఆ అరుగుదలను రోజూ విన్నవాణ్ణి.

ఆవిడది దివిసీమ, మోపిదేవి పక్కనున్న చిన్న పల్లె. పద్యనాటకాల్లో నాయిక వేషం వేసేది. నాది పెడన. మా నాన్న నేతపనివాడు. మూడో తరగతితో నా బడి అయిపోయింది. తరవాత చదివిందంతా నాటకాల పుస్తకాల్లోనూ, పచారీ కొట్టువాడు పొట్లం కట్టిన కాగితాల మీదానే. హార్మోనియం కూడా ఒకరి కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నది కాదు. నేను ఆవిణ్ణి అక్కయ్యా అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. చుట్టరికమేమీ లేదు. ఒకే నాటక సమాజంలో తిరుగుతూ, ఒకే బండిలో ప్రయాణం చేస్తూ, ఒకే పొయ్యి మీద వండింది తింటే ఆ మాటలు వాటంతటవే వస్తాయి.

ఎంత ఎత్తున పాడాలనేది మేము హార్మోనియం మెట్ల లెక్కన చెప్పుకుంటాం. ఆడవాళ్ళకి నాలుగు శ్రుతి అంటే హాయి. అక్కయ్యది ఐదున్నర. మైకులు లేని రోజుల్లో ఆ ఎత్తున పాడితేనే వెనక చాప మీద కూర్చున్నవాడి దాకా పద్యం వెళ్ళేది. గుడివాడ కరపత్రాల్లో ఆవిడ పేరు పైన ‘ఐదున్నర శ్రుతి’ అని ఇంత లావు అక్షరాలతో వేసేవారు. జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. పద్యం అయీ అవకముందే వన్స్ మోర్ అని కేకలు. అక్కయ్య చిరునవ్వు నవ్వి, ఏడుపు సీనయినా సరే, చచ్చి పడి ఉన్న మొగుడి తల ఒళ్ళో పెట్టుకున్నా సరే, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేది. రెండోసారి పాడింది మొదటిసారిలా ఉండేది కాదు. రాగం ఎటు తిరుగుతుందో ఆవిడకే తెలియదు. నేను వెనకాల పరిగెత్తేవాణ్ణి.

పంతొమ్మిది వందల యాభైల మధ్యలో గుడివాడలోనే ఒక నాటకంలో పై షడ్జం దగ్గర ఆవిడ గొంతు పగిలింది. ఒక్క క్షణమే. ముందు వరసలోంచి ఎవడో మిల్లువాడు అరిచాడు.

“అమ్మగారూ, కిందికి దిగండి! పైన చలిగా ఉన్నట్టుంది!”

పందిరంతా నవ్వింది. ఆవిడ గొంతు విని ఏడ్చిన పందిరే అది. లోపలికొచ్చాక, ముఖాన రంగు కారిపోతుంటే అక్కయ్య నావైపు చూసింది.

“జలుబురా తమ్ముడూ.”

“జలుబే అక్కయ్యా. మిరియాల కషాయం పెట్టిస్తాను.”

మూడు నెలలు కషాయం తాగింది. జలుబు కాదని ఇద్దరికీ తెలిసింది, ఇద్దరం ఆ మాట అనలేదు. నాటకాలు మానేస్తానని ఒకరోజు బట్టలు మూటగట్టుకుంది కూడా.

నాది కలకత్తా నుంచి తెప్పించిన హార్మోనియం. మెట్ల వరస మొత్తాన్ని పక్కకి జరిపి బిగించుకోవచ్చు. అలా జరిపితే వేలు పాత మెట్టు మీదే ఉంటుంది గానీ పలికే శ్రుతి మారిపోతుంది. తరవాతి నాటకానికి, ఎవరూ చూడకుండా, ఒక అర మెట్టు కిందికి జరిపాను. అక్కయ్య ఆ రోజు పై షడ్జం మీద నిలబడి చాలాసేపు ఆడుకుంది. లోపలికొచ్చి నా నెత్తిన మొట్టికాయ వేసింది.

“చూశావట్రా, గొంతు దారికొచ్చింది! ఐదున్నర ఎక్కడికి పోతుంది?”

“ఎక్కడికీ పోదక్కయ్యా.”

రాజు వేషం వేసే పెద్దమనిషి మాత్రం కనిపెట్టాడు. నన్ను పక్కకి లాగాడు.

“ఏం బావా, ఈమధ్య నా గొంతు కూడా కుర్రగొంతైందేంటి?”

“మీ ఇంటావిడ వంట మారిందేమో బావగారూ.”

“మా ఇంటావిడ వంటకి ఉన్న గొంతు పోవాలి గానీ రావడం కూడానా! సరేలే. నువ్వు జరపలేదు, నేను వినలేదు.”

రెండేళ్ళకి ఇంకో అర మెట్టు దించాను. ఆ తరవాత ఇంకొకటి. ఆరేళ్ళు గడిచేసరికి అక్కయ్య నాలుగులో పాడుతోంది, ఐదున్నర అనుకుంటోంది. అంత పాడే మనిషికి చెవి లేదా అంటారు మీరు. ఉంది. నా మీద నమ్మకం కూడా ఉంది. నా వేలు రోజూ ఆ మెట్టు మీదే కనబడుతుంటే, గొంతు హాయిగా పలుకుతుంటే, మోసం జరుగుతోందని ఎవరికి తోస్తుంది? నేను దాన్ని మోసమనుకోలేదు. ముసలి తల్లికి మెట్టు ఎత్తు తగ్గించి కట్టడం లాంటిదే అనుకున్నాను.

అరవైలు వచ్చాక నాటకాలు తగ్గాయి. జనం సినిమా హాళ్ళకి పోయారు. అప్పుడు బందరు పెద్దలు కొందరికి అక్కయ్య గుర్తొచ్చింది. నాటకాలవాళ్ళని చెప్పి మాకు ఇల్లు అద్దెకివ్వని వీధివాళ్ళే, ఇప్పుడు గారూ, గారూ అంటూ వచ్చారు. మద్రాసు నుంచి ముప్పైమంది వాయిద్యగాళ్ళను తెప్పిస్తారట. వయొలిన్లే పన్నెండు, క్లారినెట్లు, నిలబడి వాయించే పెద్ద పెద్ద తీగ వాయిద్యాలు. అక్కయ్య పాత గ్రామఫోను రికార్డుల్లోని పద్యాలన్నిటికీ మద్రాసు మాస్టారు ఒకాయన స్వరాలు రాసి వాళ్ళతో వాయిస్తారట, ముందు నిలబడి అక్కయ్య పాడాలట. సింఫనీ అన్నారు. ఆ మాట పలకడం రాకపోయినా నాలుగైదుసార్లు అన్నారు.

“మరి మా తమ్ముడు వాయించేది ఎక్కడ?” అంది అక్కయ్య.

ఆ పెద్దల్లో ఒకాయన కండువా సర్దుకున్నాడు. “హార్మోనియం పెట్టె దానికి నప్పదండీ. ఇది వేరే స్థాయి సంగతి.”

నా ముందే అన్నాడు ఆ మాట. నేను మనిషినన్నట్టే చూడలేదు. అక్కయ్య ఒప్పుకోదనుకున్నాను. ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూశాక, ఒప్పుకోకపోతే ఎలా అనిపించింది. యాభై దాటిన ఆడమనిషి, చుట్టూ ముప్పైమంది, తను పుట్టించిన రాగాలు వాయిస్తుంటే మధ్యలో నిలబడి పాడడం. వద్దనమని ఎవరు చెప్పగలరు?

“వీడు రిహార్సల్‌కైనా నా వెంట వస్తాడు, మూల కూర్చుంటాడు” అంది. అంతవరకూ నా వాటా.

వారం రోజులకి మద్రాసు మాస్టారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఎంతో మర్యాదగా రాశాడాయన. పాత రికార్డులన్నీ ఐదున్నరలో ఉన్నాయి, ఇప్పుడు కూడా అదే శ్రుతిలో రాయమంటారా, కొంచెం తగ్గించమంటారా, ఏదైనా నాకు ఇబ్బంది లేదు, ముందుగా తెలిస్తే చాలు, అని. అక్కయ్యకి అక్షరాలు రావు. పద్యాలన్నీ చెవిన పట్టినవే. ఉత్తరం నేనే చదివి వినిపించాను.

“తగ్గించడమేంట్రా? రాయి. ఐదున్నరకి ఒక్క పిసరు తగ్గినా పాడనని రాయి.”

జవాబు రాయాల్సిన కార్డు నా చేతిలో ఉంది. కలం నా చేతిలో ఉంది. ‘నాలుగు’ అని రాస్తే నన్ను అడిగేవాడు లేడు. ముప్పైమందీ నాలుగులో వాయించేవారు, అక్కయ్య నాలుగులో పాడేది, ఐదున్నరలో పాడానని మురిసిపోయేది, బందరు మురిసిపోయేది. ఆరేళ్ళుగా నేను చేస్తున్నది అదేగా. ఆ రోజు మాత్రం ఆ కండువా మనిషి మాట నా చెవుల్లో మోగుతోంది. పెట్టె నప్పదన్నారుగా, పెట్టె ఏం చేస్తోందో తెలిసొస్తుంది అనుకున్నాను. ‘ఐదున్నర’ అని రాశాను. గుండ్రంగా, ఇంత లావున రాశాను.

సభకి ముందురోజు మధ్యాహ్నం రిహార్సల్. బందరులో ఒక హాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కాగితాలు ఎగరకుండా ముప్పైమందీ బట్టలారేసుకునే క్లిప్పులు పెట్టుకున్నారు. నేను మూల నా పెట్టెతో కూర్చున్నాను. మాస్టారు చెయ్యెత్తాడు. పన్నెండు వయొలిన్లు ఒకే గొంతుతో అక్కయ్య రాగం ఎత్తుకున్నాయి. అబద్ధమెందుకు, నాకు కళ్ళు చెమర్చాయి. మేము చింకి చాపల మీద చేసుకున్న సంగీతం అంత పెద్దదని నాకే తెలియదు.

అక్కయ్య ఎత్తుకుంది. మొదటి పాదం ఎలాగో లాక్కొచ్చింది. రెండో పాదంలో మెడ నరాలు పొంగాయి. పై షడ్జం దగ్గర గొంతు లేదు. గాలి వచ్చింది, అంతే. వాళ్ళు కాగితం చూసి వాయించుకుంటూ ముందుకెళ్ళిపోయారు, ఆవిడ వెనక ఉండిపోయింది. మాస్టారు చెయ్యి దించి ఆపాడు.

“మీ శ్రుతి తప్పు నాయనా. ఏడులోనో ఎక్కడో పెట్టారు” అంది అక్కయ్య.

“లేదమ్మా, ఐదున్నరేనండీ.”

“మా తమ్ముణ్ణి అడగండి. ఒరేయ్, నీ పెట్టె మీద ఐదున్నర వెయ్యి, వింటారు.”

హాలంతా నిశ్శబ్దం. మెట్లు వెనక్కి జరిపితే టక్కుమని చప్పుడవుతుంది. ఆ నిశ్శబ్దంలో ఎలా జరపను? వేలు ఆ మెట్టు మీదే పెట్టి నొక్కాను. ముసలి వయొలిన్ ఆయన తలెత్తి, పాపం ఆయనకేం తెలుసు, “అది నాలుగండీ” అన్నాడు.

అక్కయ్య నడిచి నా దగ్గరకొచ్చింది. వంగి నా వేలు చూసింది. ఆ తరవాత పెట్టె అంచున, మెట్ల వరస పక్కకి జరిగిన చోట పడిన ఖాళీ చూసింది.

“ఎన్నాళ్ళయింది?”

“ఆరేళ్ళక్కయ్యా.”

ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుంది. ముప్పైమంది వైపు తిరిగి చేతులు జోడించింది. “మీరు సరిగ్గానే వాయించారు నాయనా. తప్పు నాది.”

మాస్టారు మంచివాడు. రాత్రంతా కూర్చుంటే రెండు పద్యాలకి కాగితాలు తిరగరాయగలనన్నాడు. అక్కయ్య వద్దంది. “బందరు జనానికి నా ఐదున్నరే తెలుసు. మీ క్లారినెట్ చేత పాడించండి. నేను కూర్చుని వింటాను.”

“అక్కయ్యా, పోనీ మనిద్దరం పెట్టెతో...” అన్నాను.

“మీరు పెట్టె మూసెయ్యండి” అంది.

పదిహేనేళ్ళలో ఆవిడ నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

మర్నాడు సాయంత్రం సభ జరిగింది. గొంతు బాగాలేదని చెప్పి, శాలువా కప్పి, స్టేజి మీద కుర్చీలో కూర్చోబెట్టారు. క్లారినెట్ కుర్రవాడు బ్రహ్మాండంగా వాయించాడు. పద్యం అవగానే వెనకనుంచి ఎవరో పాత మనిషి వన్స్ మోర్ అని కేకేశాడు. అక్కయ్య కుర్చీలోంచి సగం లేచింది. లేచి, చుట్టూ చూసి, మెల్లిగా కూర్చుంది. శాలువా జారితే సర్దుకుంది. క్లారినెట్ మళ్ళీ మొదటినుంచి వాయించింది, కాగితంలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా. జనం చప్పట్లు కొట్టారు. కండువా మనిషి ముందు వరసలో కూర్చుని తలాడించాడు.

ఆ వారమే ఆవిడ సమాజం వదిలి మోపిదేవి పక్కనున్న చెల్లెలింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ పాడలేదు. నేను ఏడాది ఆగి వెళ్ళాను. బస్సు దిగి మోపిదేవి వీధిలోంచి నడుస్తుంటే గుడికొచ్చిన యాత్రికులు ఎదురయ్యారు. ఒకరికైనా ఆవిడ పేరు చెబితే తెలిసేలా లేదు.

వాకిట్లో చేపలు తోముతోంది. జుట్టు బాగా నెరిసింది. లోపలికి రమ్మంది, కాళ్ళకి నీళ్ళిచ్చింది, కొర్రమీను పులుసుతో అన్నం పెట్టింది. మా అమ్మాయి పెళ్ళి గురించి అడిగింది, పెడనలో నూలు దొరుకుతోందా అని అడిగింది. నన్ను మీరు అంటూనే అడిగింది. సంగీతం మాట ఎత్తలేదు. నేను లేచి చెప్పులు వేసుకుంటుండగా గుమ్మం దాకా వచ్చింది.

“తప్పైపోయిందక్కయ్యా. నీకు చెప్పకుండా దించాను” అన్నాను.

“దించినందుకు కాదు” అంది. “ఆ ఆరేళ్ళూ హాయిగా పాడాను. అది నీ పుణ్యమే.”

కాసేపు గుమ్మం చెక్క మీద వేలితో గీతలు గీసింది.

“మద్రాసు కార్డు రాసింది నువ్వే కదా. నాకు చదవడం రాదని నీకు తెలుసు కదా. ఆరేళ్ళు నాకు తెలియకుండా దించినవాడివి, ఆ ఒక్క రోజు ఎందుకు దించలేదురా?”

అడిగి, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. కుళ్ళు అక్కయ్యా, నన్ను వద్దన్నారని కుళ్ళు, అని చెప్పాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. ఆవిడ ఎంతసేపైనా నిలబడేటట్టుంది. నా నోట్లోంచి వచ్చిందేమిటంటే, బస్సుకి టైమవుతోందక్కయ్యా, వెళ్ళొస్తాను, అని.