గోడ మీది జాజు చెయ్యి

నా చిన్నప్పుడు మా అవ్వకు మా ఇంటి సంగతి కన్నా వీధిలోని ఇళ్ళ ముందరి సంగతే ఎక్కువ పట్టేది. ఎవరి వాకిట్లో పేడనీళ్ళ సాన్పి చల్లలేదో, ఎవరి అరుగు అంచు విరిగిందో, ఎవరి బంతిమొక్కలు నీళ్ళు లేక వాలిపోయాయో పొద్దున్నే చూసి వచ్చి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది. మాది అచ్చంపేట దగ్గర మెట్ట ఊరు. అన్నీ మట్టిగోడలే. ఏటా దసరాకు ముందు గోడలకు సున్నం వేసి, అడుగున ఎర్రమట్టి జాజుతో పట్టె దిద్దాలి. ఆ పని ఎగ్గొట్టిన ఇల్లాలిని మా అవ్వ పండగ దాటేదాకా వదిలిపెట్టేది కాదు.

అంత నోరున్న అవ్వ, ఒక దసరాకు మాత్రం పక్కింటి అక్కను పల్లెత్తు మాట అనలేదు.

అక్కకు ఒక్కడే కొడుకు, మూడేళ్ళవాడు. వాళ్ళమ్మ దగ్గరకన్నా నా చంకలోనే ఎక్కువ ఉండేవాడు. అంతకు ముందటి దసరాకు అక్క జాజు దిద్దుతుంటే, వాడు జాజు చిప్పలో చెయ్యి ముంచి కిటికీ కింద తడి సున్నం మీద చరిచాడు. అయిదు వేళ్ళూ చక్కగా పడ్డాయి. అక్క నవ్వి దాన్ని అలాగే ఉంచింది. మరుసటి వానాకాలం వాడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. బండి కట్టి అచ్చంపేట దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఆ తర్వాత అక్క ఇంటి ముందర చీపురు పట్టలేదు. మొక్కలు ఎండి కట్టెలయ్యాయి. సున్నం పెచ్చులూడి లోపలి మట్టి కనపడేది. ఎదురువాన కొట్టినప్పుడల్లా అక్క గోనెసంచి పట్టుకుని పరుగెత్తుకొచ్చి, కిటికీ కింద ఆ చెయ్యి మీద కప్పి, తాను తడుస్తూ నిలబడేది. వీధిలో కొందరు ఆమెకు మతి చలించిందన్నారు. నాకు ఆ ఇంటి వైపు చూడాలంటేనే భయంగా ఉండేది. వాడు నాకూ గుర్తొచ్చేవాడు, కానీ చిన్నపిల్లను, ఎవరితో చెప్పుకోను.

మాఘంలో అక్క మరిదికి పెళ్ళి కుదిరింది. పసివాడి చావుకు ఏడాది ఆగనక్కరలేదని పెద్దలు తేల్చేశారు. పెళ్ళింటికి సున్నం వెయ్యకుండా పందిరి వెయ్యరు కదా. అక్క వాళ్ళ అత్త ఒకరోజు పొద్దున్నే సున్నం కలిపి బయటికి తెచ్చింది. ఆమె చెడ్డది కాదు. మనవడి కోసం ఆమె ఏడ్చిన ఏడుపు మా ఇంట్లోకి వినిపించేది. కానీ ఎంత బతిమాలినా అక్క ఆ గోడకు వీపు ఆనించి కదలలేదు.

"ఇంటి ముంగట గిట్లుంటే పెండ్లోళ్లు ఏమనుకుంటరే? జర పక్కకు జరుగు బిడ్డా" అంది అత్త.

"ఎయ్యి అత్తా. ముందుగాల నా మీద ఎయ్యి సున్నం" అంది అక్క.

అక్క పెనిమిటి ఇద్దరిలో ఎవరికీ సర్దిచెప్పలేక తువ్వాలు భుజాన వేసుకుని చేను వైపు వెళ్ళిపోయాడు. వీధివాళ్ళంతా గడపల్లోకి వచ్చి చూస్తున్నారు. అప్పుడు మా అవ్వ వెళ్ళి, అత్త చేతిలోని సున్నం కుండ తీసుకుంది. గోడకు అవతలి కొస నుంచి మొదలుపెట్టింది. అవ్వ దగ్గరికి వస్తున్నకొద్దీ అక్క గోడకు ఇంకా అతుక్కుపోయింది. కిటికీ దాకా వచ్చాక, వదిలిపెట్టే జాగా జానతో కొలిచి చూపిస్తే అక్క పక్కకు జరిగింది. అవ్వ ఆ చేతి చుట్టూ జానెడు జాగా వదిలేసి, ఇటువైపు గోడ కూడా వేసింది.

చెప్పొద్దూ, చూడ్డానికి అదేం బాగా లేదు. తెల్లటి గోడ మధ్య మాసిన అతుకులా ఉంది. అత్త నుదురు కొట్టుకుంది. అవ్వ పట్టించుకోకుండా చిప్పలో జాజు కలిపి, నన్ను పిలిచి, నా చెయ్యి అందులో ముంచి, ఆ చిన్న చేతి పక్కనే తడి సున్నం మీద అద్దింది. తర్వాత వీధిలోని పిల్లలందర్నీ కేకేసింది. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రటి చేతులు బారుతీరాయి.

"ఒక్కడే ఉన్నడనే గదా బిడ్డా నీ ఫికరు. గిప్పుడు జూడు, వానికి జోడిగాళ్లు ఎంతమందో" అంది అవ్వ.

అక్క ఆ కొస నుంచి ఒక్కొక్క చెయ్యీ చూసుకుంటూ వచ్చింది. తర్వాత తనే వంగి, చెయ్యి ముంచి, కొడుకు చేతికి కాస్త ఎగువన తన చెయ్యి అద్దింది. అద్దిన చెయ్యి తియ్యకుండానే బావురుమంది. వాడు పోయాక ఆమె అలా గొంతెత్తి ఏడవడం అదే మొదలు. అత్త కుండ పక్కన పెట్టి ఆమె వెనకాల కూలబడి తానూ ఏడ్చింది. పెళ్ళికి వచ్చినవాళ్ళు, ఈ పూలు ఎవరు దిద్దారో గానీ గోడ భలే ఉందన్నారు. అవి పూలు కావని ఎవరమూ చెప్పలేదు.

ఆ చిన్న చెయ్యి వానలకు మెల్లమెల్లగా మాసిపోయింది. అక్క మళ్ళీ గోనెసంచి తేలేదు. కానీ ఏటా దసరాకు గోడ వేసుకునేది, బంతి నారు పోసుకునేది, కిటికీ కింద జానెడు జాగా వదిలేసేది.

నిరుడు మా ఇంటాయన పోయాడు. ఈమధ్య మా కొడుకు ఇంటి ముందర అంతా కొత్తగా చేయిస్తున్నాడు. స్తంభాలకు టైల్స్, కొత్త గేటు, నా కనకాంబరాలు పీకించి ఏదో విదేశీ గడ్డి. నేను ఊరుకున్నాను. గోడకు రంగు వెయ్యబోతుంటే మాత్రం లేచి వెళ్ళాను. వరండాలో కుర్చీ వెనకాల ఒక నూనె మరక ఉంది. ఆయన రోజూ తల ఆనించుకుని కూర్చున్నచోటు అది.

"గా మరక ఉంటే ఇల్లు సక్కగ కనిపిస్తదా అమ్మా?" అన్నాడు కొడుకు.

"గోడంతా ఎయ్యుండ్రి బిడ్డా. గంత జాగ ఇడ్సిపెట్టుండ్రి" అన్నాను.

వదిలేశారు. కొత్త రంగు మధ్య అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది, వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు. నేనిప్పుడు రోజూ సాయంత్రం తలకు నూనె దట్టంగా పెట్టుకుని, ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని, గోడకు తల ఆనించి కూర్చుంటున్నాను.