కనకమ్మ కలికుండ

శివప్రసాద్‌కు నోరు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. జనగామలో మేమిద్దరం ఒకే ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. నాది జంతుశాస్త్రం, అతనిది సూక్ష్మజీవశాస్త్రం. మనిషి పేగుల్లోని క్రిముల గురించి మొదలుపెట్టాడంటే పక్కవాడి టీ చల్లారాల్సిందే. "మన కడుపు ఒక ఊరన్నా. అండ్ల మంచోళ్లుంటరు, చెడ్డోళ్లుంటరు. మంచోళ్లు తగ్గితెనే రోగం" అనేవాడు. నేను విసుక్కునేవాణ్ని. తిన్నది అరిగితే చాలు, లోపల ఎవరు కాపురముంటే మనకేం?

అతని పని మాత్రం ఉత్త మాటలు కాదు. మహబూబాబాద్ దగ్గరి పల్లెలో అతని బాపమ్మ, అంటే తండ్రిని కన్న తల్లి, కనకమ్మ ఉండేది. వ్యవసాయ కుటుంబం. ఆమె వంటింటి మూల ఒక మట్టికుండలో ఎప్పుడూ కలి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లూ గంజీ పోసి పులియబెట్టిన నీళ్లే కలి. కుండను ఎన్నడూ పూర్తిగా వంచరు, పాత పులుపు మీదే కొత్త గంజి పోస్తారు. పిల్లలకు విరేచనాలైతే ఆ ఇంట్లో అదే మందు. శివప్రసాద్ ఆ కుండలోంచి ఒక క్రిమిని వేరుచేశాడు. అది పేగుల్లో నిలదొక్కుకుని చెడు క్రిములను అణచివేస్తుందని ఎలుకల మీద ప్రయోగం చేసి చూశాడు. హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీకి అది నచ్చింది. పొడిగా చేసి, పిల్లలకు పొట్లాలుగా అమ్ముదామన్నారు. దసరా దాటాక బతికున్న క్రిములను తెచ్చివ్వాలి, అవి ఎక్కడివో అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదు. అతను నాకు తప్ప ఎవరికీ, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. బాపమ్మతో మాత్రం కుండ కడగొద్దన్నాడు. "నేనెన్నడు కడిగిన బిడ్డా?" అందట ఆమె.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మా కాలేజీ శిబిరంలో మొదటి కుర్చీ శివప్రసాద్‌దే. భూపాలపల్లి పోయి గని కార్మికుల మధ్య మాట్లాడి వచ్చాడు. బొగ్గు ఆగితేనే ఢిల్లీకి సోయి వస్తుందన్నాడు. బొగ్గు ఆగింది, దాని వెనకే కరెంటూ పోయింది. ల్యాబ్‌లో ఫ్రిజ్ సగం రోజు వెచ్చగానే ఉండేది. ఆ క్రిమిని దాచిన గాజుగొట్టాలన్నీ బూజు పట్టాయి.

"కూర్చున్న కొమ్మనే నరుక్కున్నావు కదయ్యా" అన్నాను.

"పోతె పోనీ అన్నా. మా బాపమ్మ కుండకు కరెంటెందుకు?" అని నవ్వాడు. తెలంగాణ వచ్చాక మన పిల్లలకు మన మందే అమ్ముదామన్నాడు. ఆ నమ్మకం చూస్తే నాకు ముచ్చటేసింది.

సమ్మె జరుగుతుండగానే ఒక ఉదయం కనకమ్మ పోయిందని ఫోన్ వచ్చింది. బస్సులు లేవు, రైళ్లు లేవు. నా బండి మీద బయల్దేరాం. ఊరూరా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మా మెడలో కండువాలు చూసి దారి ఇచ్చేవాళ్లే, కానీ ఊరికే వదిలేవాళ్లు కాదు. "సారు వచ్చిండు, జర నాలుగు ముక్కలు చెప్పి పోవాలె" అనేవాళ్లు. మొదటి ఊళ్లో చెప్పాడు. తర్వాత అందరికీ చావు కబురు చెప్పుకుంటూ పోయాం.

మేం చేరేసరికే పాడె లేచిపోయింది. ఆడవాళ్లు ఇల్లు కడుగుతున్నారు. చావు జరిగిన ఇంట్లో మట్టికుండలు ఉంచరు, మైల. వీధి చివర మురికికాలువలో పగిలిన కుండ పెంకులు పడి ఉన్నాయి. శివప్రసాద్ శ్మశానం వైపు పోలేదు. కాలువ పక్కన కూలబడి, ఒక పెంకు తీసి చేతిలో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అతని చిన్నమ్మ సరోజన వచ్చి పక్కన కూర్చుంది. "నేనే పారేసిన బిడ్డా. మైల గదా. ముసలిదాని యాదికి ఉంచమంటె ఒకటి ఉంచకపోదునా? చెప్పకపోతివి."

"ఏం లేదు చిన్నమ్మా" అన్నాడు.

ఆ పెంకును జనగామ తెచ్చి, దానిమీద ఏం బతికున్నాయో చూశాడు. కాలువ క్రిములే మొలిచాయి. ఆ ఊళ్లో ఇంకెవరి ఇంట్లోనూ కలికుండ లేదు, ఫ్రిజ్‌లు వచ్చాక అందరూ మానేశారు. చివరికి తనే కంపెనీకి ఫోన్ చేసి ఆ క్రిమి ఇక లేదని చెప్పాడు. ఎందుకని వాళ్లు అడగను కూడా లేదు. ఇలాంటివి వాళ్ల దగ్గర ఇంకా ఉన్నాయట.

పెద్దకర్మ నాడు నేనూ వెళ్లాను. భోజనాల బంతిలో అందరిదీ ఒకటే మాట. "మనుమడంటె గట్లుండాలె. కన్న కొడుకులు గూడ గంత ఏడ్వలే" అన్నారు. సరోజన కొసరి కొసరి వడ్డిస్తుంటే, అతను విస్తరి ముందు నుంచి సగంలోనే లేచిపోయాడు. నేను వెనకే పోయాను. గోడ పక్కన నిలబడి చేతులు కూడా కడుక్కోకుండా ఎటో చూస్తున్నాడు.

"వాళ్లకు ఎట్ల చెప్పాలె అన్నా?" అన్నాడు. "బాపమ్మ కోసం నేను ఇంకా ఏడ్వలే."