సరోజ గారి లాగిన్ నేనే మూసేశాను

దెయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. ఇది చదివి మీరూ నమ్మక్కర్లేదు. నా ఉద్యోగం పోవడం మాత్రం నిజం, అందుకే రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేట. నందిగామలో ఒక ప్రైవేటు ల్యాబుకి సాఫ్ట్‌వేర్ చూసేదాన్ని. రక్తం శాంపిళ్లు తీసుకోవడానికి చిల్లకల్లులో మాకు చిన్న సెంటరు ఉంది. అక్కడి కంప్యూటర్‌లో ఎక్కించిన వివరాలు నందిగామ సర్వర్ తీసుకోవాలంటే ఐడీ, పాస్‌వర్డ్ సరిపోవాలి. మొదటినుంచీ అక్కడ వాడింది, శాంపిళ్లు తీసే సరోజ గారి ఐడీ. ప్రతి ట్యూబు మీద పేరు రెండుసార్లు చదివితే గానీ పంపని మనిషి. ఆవిడ గుండెపోటుతో పోయాక కూడా అందరూ ఆవిడ పేరుతోనే లాగిన్ అయ్యేవారు.

మారుద్దామంటే ఓనరు గారు, "అచ్చొచ్చిన లాగిన్ అమ్మా, కదపమాకు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషి పేరు మీద రిపోర్టులు పంపడం ఏం పద్ధతి? పోట్లాడి, ఒక్కొక్కరికీ వేరే ఐడీ ఇచ్చి, ఆవిడది నా చేత్తోనే మూసేశాను. పాత పాస్‌వర్డ్ కొట్టి చూశాను. సర్వర్ ఒప్పుకోలేదు.

వారం తిరిగింది. ఒక మధ్యాహ్నం, మర్నాడు కాన్పు ఆపరేషన్ ఉన్న ఒకావిడ బ్లడ్ గ్రూప్ రిపోర్టు ఆసుపత్రికి వెళ్లబోతూ ఆగిపోయింది. "శాంపిల్ మారింది, మళ్లీ తీయండి" అని స్క్రీన్ మీద ఉంది. ఆపింది సరోజ గారి ఐడీ. మళ్లీ రక్తం తీస్తే గ్రూపు వేరే వచ్చింది. చిల్లకల్లులో నిజంగానే ట్యూబులు తారుమారయ్యాయి.

గండం తప్పిందని సంతోషించాలా? ఓనరు గారు నన్ను పిలిచి నిలదీశారు.

"మూశానన్నావ్, మూయలేదు. తెరిచే అధికారం నీకు తప్ప ఎవరికుంది?"

ఆయన ఎదుటే ఆ ఐడీ కొట్టి చూపించాను. ఐదుసార్లు కొడితే ఐదుసార్లూ సర్వర్ తిప్పికొట్టింది. నేను మూసిన రోజు అందులో నమోదై ఉంది. తర్వాత ఎవరూ తెరిచినట్టు లేదు. కానీ ఆ మధ్యాహ్నం సరోజ గారి పేరుతో ఒకే ఒక్క లాగిన్ ఉంది, చిల్లకల్లు కంప్యూటర్ నుంచి. ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోతే, సెంటరుకి తాళం వేసి అందరూ భోజనాలకెళ్లారు.

"అయితే ఆవిడే వచ్చి కొట్టిందంటావా?" అని నవ్వారాయన.

నేనలా అనలేదు. తప్పు నాదేనని కాగితం మీద సంతకం పెట్టమన్నారు. చచ్చినా పెట్టనన్నాను. ట్యూబులు మార్చినవాళ్లు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. నేను ఇంట్లో కూర్చున్నాను.

మూసిన ఐడీని ఆ సర్వర్ ఎలా లోపలికి రానిచ్చిందో ఎంత ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మొన్న ఓనరు గారు ఫోన్ చేశారు. సరోజ గారి ఐడీ మళ్లీ తెరిచిపెట్టమని బతిమాలారు. నన్ను మాత్రం పనిలోకి రమ్మనలేదు.